తలదెబ్బ చిప్పులు: సాగదీసిన వేగం కొలిచారా?

(కాకినాడలో వైద్య, ఇంజనీరింగ్ విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న విద్యార్థులకు నమస్కారమండి. సన్మానాలకే చాలా సమయం పోయింది, నేరుగా విషయంలోకి వెళ్దాం.

216 హైవే మీద బండి జారి తల నేలకు కొట్టుకున్న మనిషికి సీటీ తీస్తారు. రక్తం గడ్డ కట్టలేదు, ఎముక విరగలేదు, 'ఏం లేదు, ఇంటికెళ్లండి' అంటారు. నెల తిరిగినా ఆ మనిషికి మాట గుర్తుండదు, చిరాకు తగ్గదు. సీటీకి అందని దెబ్బ ఉందండి. తల గిర్రున తిరిగి ఆగినప్పుడు నరకణాల నుంచి సాగే ఆక్సాన్లు కొద్ది మిల్లీసెకన్లలోనే సాగిపోతాయి. చాలావరకు అప్పటికప్పుడు తెగవు. లోపల సరుకు మోసే పట్టాల్లాంటి మైక్రోట్యూబ్యూళ్లు విరుగుతాయి. రవాణా ఆగిన చోట సరుకు పేరుకుని ఆక్సాన్ ఉబ్బుతుంది. కాల్షియం లోపలికొచ్చి కాల్‌పెయిన్ అనే ఎంజైమును లేపితే, అది ఆక్సాన్‌కు ఆకారాన్ని నిలిపే స్పెక్ట్రిన్ అనే ప్రోటీన్‌ను కోసేస్తుంది. ఇదంతా గంటల తరబడి నడిచే వ్యవహారం. మందు పనిచేస్తే ఆ గంటల్లోనే పనిచేయాలి. బతికున్న మనిషి తలలో వాటిని చూడలేం కాబట్టే చిప్పు, అంటే నరకణాలను పెంచి చూసేందుకు సన్నటి కాలువలు చేసిన చిన్న సిలికోన్ పలక.

1977లో కాంపెనో అనే పరిశోధకుడు ఆక్సాన్లను కణదేహాల నుంచి వేరే గదిలోకి పెంచి చూపించాడు. 2005లో టేలర్, జియాన్ బృందం దాన్ని చిప్పు మీదికి తెచ్చింది: రెండు గదులు, నడుమ 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పు, 3 మైక్రాన్ల ఎత్తు, 450 మైక్రాన్ల పొడవున్న కాలువలు. కణదేహం దూరదు, ఆక్సాన్ దూరుతుంది. ఒక గదిలో మరో గదికంటే 50 మైక్రోలీటర్లు ఎక్కువ పోస్తే, ఆ మట్టం తేడా ఉన్నంతసేపు తక్కువ పోసిన వైపు వేసిన మందు రెండో వైపుకు పోదు.

తయారీ గురించి క్లుప్తంగా చెబుతాను. సిల్గార్డ్ 184 అనే సిలికోన్ పది పాళ్లు, గట్టిపరిచే ద్రవం ఒక పాలు. వాక్యూమ్‌లో బుడగలన్నీ పోయాక అచ్చు మీద పోసి 70 డిగ్రీల్లో 2 గంటలు. సిలికోన్ ముఖానికి ప్లాస్మా (విద్యుత్తుతో అయనీకరించిన వాయువు) తగిలిన వెంటనే గాజుకు అతికించండి, అతకగానే తడపండి. ఆలస్యమైతే ఆ ముఖం మళ్లీ నీటిని తోసేస్తుంది, 3 మైక్రాన్ల కాలువలో గాలిబుడగ ఇరుక్కుంటుంది. కణాలు అంటుకోవడానికి వేసే పాలీలైసిన్ పూత రాత్రంతా ఉంచి బాగా కడగండి, మిగిలిపోతే కణాలకు విషం. గదిలో ఉండేది మైక్రోలీటర్లే కదా, ఆవిరైతే ఉప్పు సాంద్రత పెరిగి దెబ్బ లేకుండానే కణాలు చస్తాయి. చిప్పు చుట్టూ తడి టిష్యూ పెట్టండి.

ఇక అసలు బాధకు వస్తాను. పరిశోధన పోస్టర్ల నిండా '20 శాతం సాగదీశాం' అని ఉంటుంది. ఎంత సేపట్లో? ఆ ముక్క ఉండదు! 2004లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఫిస్టర్, స్మిత్ బృందం ఆక్సాన్లను రోజుకు 8 మిల్లీమీటర్ల చొప్పున లాగితే అవి తెగలేదండి, పెరిగాయి, 10 సెంటీమీటర్ల దాకా. కోనసీమ జగ్గన్నతోట తీర్థంలో జీడిపాకం నెమ్మదిగా లాగితే బారెడు సాగుతుంది, ఒక్కసారి గుంజితే పుటుక్కున తెగుతుంది. ఆక్సాన్‌కూ వేగమే ముఖ్యం: నెమ్మదిగా లాగితే పెరుగుతుంది, గుంజితే లోపల విరుగుతుంది. అలాంటప్పుడు వేగం రాయని ప్రయోగాన్ని తలదెబ్బ నమూనా అని ఎలా అంటాం? చెప్పండి!

సాగదీయాలంటే అడుగున గాజు బదులు పలచటి సిలికోన్ పొర, దాని కింద గాలి గది, వాల్వు. వాల్వు తెరవగానే గాలి పీడనం ఒక్క పల్స్‌గా వచ్చి పొరను, దాని మీది ఆక్సాన్లను సాగదీస్తుంది. గేజీ మీద కనబడే పీడనాన్ని నమ్మకండి. వాల్వు నుంచి చిప్పుకు పొడవాటి మెత్తని గొట్టం వేస్తే గొట్టమే ఉబ్బి పల్స్‌ను మందగింపజేస్తుంది. గట్టి గొట్టం, వీలైనంత పొట్టిగా వేయండి. పొర మీద చుక్కలు పెట్టి, సెకనుకు వెయ్యి ఫ్రేములకు తగ్గని కెమెరాతో తీసి, చుక్కల మధ్య దూరం కాలంతో ఎలా మారిందో గీత గీయండి. పొర మందం ఒక్కో చోట ఒక్కోలా ఉంటే సాగుడూ మారుతుంది. కాల్చే ఉష్ణోగ్రత మారినా పొర బిగువు మారుతుంది. అందుకే ప్రతి బ్యాచ్‌కూ కొలవాలి. మళ్లీ చెబుతున్నాను, ప్రతి బ్యాచ్‌కూ.

పోల్చడానికి, పల్స్ ఒక్కటి తప్ప మిగతావన్నీ చేసిన చిప్పులు పక్కన ఉండాలి. లెక్క కట్టేటప్పుడు చిప్పు ఒక నమూనా, అందులోని వందల ఆక్సాన్లు వందల నమూనాలు కావు. మందు పరీక్షిస్తుంటే ఇంకో చిక్కు: నూనెలో కరిగే మందుల్ని సిలికోన్ పీల్చేసుకుంటుంది. మీరు పోసిన మోతాదు కణానికి అందదు, కాబట్టి గదిలోంచి ద్రవం తీసి కొలవండి. లేకపోతే మంచి మందును పనికిరాదని పారేస్తాం.

చిప్పులో పుర్రె లేదు, మెదడు మడతలు లేవు. హెల్మెట్ మంచిదో కాదో దీంతో తేలదు. ఇది ఒక్క ఆక్సాన్ కథ చెబుతుంది, అది చాలు.

మెకానికల్ పిల్లలకు ఒక మాట. నరకణాలు పెంచడం వైద్య కళాశాలవాళ్లు చూసుకుంటారు. వాల్వు, గొట్టం, కెమెరా మీ పని. కణాలు వేయకముందే ఖాళీ చిప్పు మీద గీత తీసి, 50 మిల్లీసెకన్ల లోపు సాగుడు శిఖరం చేరుతోందో లేదో చూసి నాకు పంపండి.