మంచి దుకాణాలు చూసి ఇల్లు కొనవచ్చా? కాకినాడ శ్రోతలతో ఫోన్-ఇన్

యాంకర్: శ్రోతలకు నమస్కారం. ఇల్లు కొనేవారి సందేహాల కార్యక్రమానికి స్వాగతం. ఈ రోజు కాకినాడ గురించి మాట్లాడుకుందాం. ముప్ఫై ఏళ్లుగా ఇళ్ల క్రయవిక్రయాలు చూస్తున్న సలహాదారు మనతో ఉన్నారు. మొదటి ఫోను బెంగళూరు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. నేను రామారావుపేటలో పుట్టి పెరిగాను. ఇప్పుడు మేమిద్దరమూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం, పని ఇంటి నుంచే. అమ్మానాన్నలకు దగ్గరగా కాకినాడలో ఫ్లాటు కొనాలని ఉంది. మా వారిది ఒకటే ప్రశ్న: ఆదివారం సాయంత్రం పిల్లలను తీసుకుని ఎక్కడికి వెళ్తాం అని. కాఫీ షాపు, మల్టీప్లెక్సు, పెద్ద సూపర్ మార్కెట్ దగ్గరున్నాయా అని చూసి ఇల్లు కొనడం తప్పా? ఈ మాటంటే నాన్నగారు కోప్పడ్డారు.

సలహాదారు: తప్పేమీ లేదమ్మా. మీ నాన్నగారి కాలంలో ఇక్కడ ఇల్లు కొనేవారు పిల్లల చదువు చూసుకునేవారు. రంగరాయ వైద్య కళాశాల, ఇంజినీరింగ్ కళాశాల, పీఆర్ కళాశాల ఉన్న ఊరు. ఉద్యోగ విరమణ చేసినవాళ్లు ప్రశాంతత కోసం వచ్చేవారు. పింఛనుదారుల స్వర్గమన్న పేరు అలా వచ్చిందే. మీ సంగతి వేరు. ఆఫీసును కంప్యూటర్‌తో పాటు మోసుకొస్తారు, వదులుకునేది ఆ సాయంత్రాలను. అవి కొంతయినా ఇక్కడ దొరక్కపోతే రెండేళ్లకు ఇల్లు అద్దెకిచ్చి తిరిగి వెళ్లిపోతారు. అలా వెళ్లిన దంపతులను చూశాను. సామాన్ల లారీ కదిలాక గేటు పట్టుకుని నిలబడిపోయిన వాళ్ల అమ్మగారిని కూడా చూశాను. అందుకే ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను.

యాంకర్: అంటే మంచి దుకాణం ఉన్నచోట ఇల్లు కొనడం లాభమేనా?

సలహాదారు: తెరిచిన దుకాణమైతే. పేరున్న దుకాణం ఏదీ ఊరికే రాదు. చుట్టూ ఎన్ని కుటుంబాలున్నాయి, సరుకు లారీ తిరగడానికి రోడ్డు చాలుతుందా, కరెంటు నిలకడగా ఉందా, అన్నీ విచారించుకునే అద్దె ఒప్పందం రాసుకుంటారు. మనం ఒక్కరం చేయలేని విచారణ అది. దాని ఫలితం మనకు ఉచితంగా కనబడుతుంది. కానీ రాబోయే దుకాణం సంగతి వేరు. మొన్న ఊరి బయట ఒక లేఅవుట్‌కు వెళ్లాను. ముఖద్వారం పక్కన పెద్ద బోర్డు, మాల్ బొమ్మ, కింద 'త్వరలో' అని ఎర్రటి అక్షరాలు. ఎండకు ఆ ఎరుపు గులాబీ రంగులోకి దిగిపోయింది. బోర్డు కాళ్ల దగ్గర తుమ్మ మొక్కలు నడుమెత్తు పెరిగాయి. ఆ బొమ్మ చూసి గజానికి ఎక్కువ పెట్టి కొన్నవాళ్లున్నారు. నాకు చాలా బాధనిపించింది.

శ్రోత: మరి ఎలా చూసుకోవాలండీ?

సలహాదారు: ఆదివారం సాయంత్రం ఎక్కడైనా కళకళలాడుతుంది. మీరు మంగళవారం పగలు పదకొండింటికి వెళ్లండి. అప్పుడూ కొనేవాళ్లు ఉంటే ఆ దుకాణం నిలుస్తుంది. ఇల్లు మాత్రం దాని ఎదురుగా వద్దు, రెండు వీధులు లోపలికి చూడండి. నడిచి వెళ్లే దూరమే, ధర కాస్త తగ్గుతుంది, హారన్ల మోత ఉండదు. బోట్‌క్లబ్ పార్కు లాంటి చోటు దగ్గరుంటే దాన్నీ లెక్కలో వేసుకోండి, పిల్లలకు సాయంత్రం పెద్ద ఖర్చు లేకుండా గడిచిపోతుంది. ఇంకొకటి, పల్లపు ఊరమ్మా మనది. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లను అడగండి. పెద్ద వాన పడ్డ మర్నాడు ఆ వీధికి వెళ్లి ప్రహరీ గోడ మీద మట్టినీటి గీత ఎంత ఎత్తున ఉందో చూడండి. మోకాలి లోతు నీళ్లలో దిగి వెళ్లాల్సి వస్తే కాఫీ షాపు దగ్గరున్నా దూరమే.

యాంకర్: కాకినాడ నుంచి ఒక మాస్టారు లైన్లో ఉన్నారు. చెప్పండి మాస్టారూ.

శ్రోత: మాది భానుగుడి వైపండీ. చుట్టూ పెద్ద షోరూములు వచ్చాయి. మా గేటుకు అడ్డంగా కార్లు పెట్టి వెళ్లిపోతారు. వీధి చివర కిరాణా కొట్టు మూతపడింది. ఫోను చేస్తే నూనె ప్యాకెట్టు ఇంటికి పంపి, ఖాతాలో రాసుకునేవాడు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. స్థలానికి మంచి ధర వస్తుందంటున్నారు. అమ్మేయమంటారా?

సలహాదారు: ధర పెరిగింది కదా అని మీ ఇబ్బందిని తీసిపారేయలేను మాస్టారూ. అరువిచ్చే మనిషి పోవడం నిజమైన నష్టమే. ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఆసుపత్రి, గుడి, పలకరించే ఇరుగుపొరుగు ఇక్కడే ఉంటే తొందరపడవద్దు. అమ్మేద్దామనుకుంటే, దుకాణాలకు పనికొచ్చే స్థలానికి పలికే ధరకే అమ్మండి. అమ్మిన నాటి నుంచి రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా ఆ లాభం మీద ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. ఆడిటర్‌ను కలిశాకే అగ్రిమెంటు రాయండి. కింది భాగం దుకాణానికి అద్దెకివ్వాలనుకుంటే నగరపాలక సంస్థలో ముందే అడగండి, ఆస్తి పన్ను మారుతుంది.

యాంకర్: సామర్లకోట నుంచి మరో శ్రోత.

శ్రోత: సార్, ఒక ప్రాజెక్టులో ఫ్లాటు చూశాను. మొత్తం నలభై ఫ్లాట్లు. క్లబ్‌హౌస్, ఈత కొలను, జిమ్, కింద సూపర్ మార్కెట్ ఇస్తామని బ్రోచర్‌లో వేశారు.

సలహాదారు: బ్రోచర్ జాగ్రత్తగా దాచుకోండి బాబూ. ప్రకటనలో చెప్పినది అబద్ధమని తేలి మీరు నష్టపోతే పరిహారం అడిగే హక్కు 2016 నాటి రెరా చట్టం, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం, ఇచ్చింది. ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న ప్రాజెక్టు కాబట్టి రెరాలో రిజిస్టర్ అయి తీరాలి. ఆ నంబరు ప్రకటనలోనే ఉండాలి. ఇక నెలనెలా అయ్యే ఖర్చు చూడండి. కొలనుకు, జిమ్‌కు నెలకు అరవై వేలవుతుందనుకుందాం. నలభై ఇళ్లకు పంచితే తలా పదిహేను వందలు, రెండు వందల ఇళ్లుంటే మూడు వందలు. చిన్న సముదాయంలో ఆ భారం మోయలేక కొలను ఎండబెట్టేస్తారు. ఆ ఫ్లాటు కింద సూపర్ మార్కెట్‌ను ఎవరు నడుపుతారు? ఒప్పందం చూపించమనండి.

శ్రోత: ఈ సాయంత్రం ధరలో పావు వంతు అడ్వాన్సు ఇస్తానని మాటిచ్చానండీ.

సలహాదారు: అమ్మకం ఒప్పందం రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. మాట ఒక వారం వాయిదా వేయండి, ఫరవాలేదు. ఈలోగా రెరా వెబ్‌సైటులో నంబరు సరిచూసి, ఈసీ, అంటే ఆస్తి మీద తాకట్టులూ లావాదేవీలూ చూపే పత్రం, తీయించండి. మంగళవారం పదకొండింటికి అక్కడ ఒక గంట నిలబడండి. ఆ తర్వాత కూడా సందేహం ఉంటే మళ్లీ ఫోను చేయండి, కాగితాలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.