గోడ మీద చేప

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీది రాతి పలకను చూసి ఇందాక ఒకాయన "ఎవరు గీశారండీ?" అని అడిగారు. ఎవరూ గీయలేదు, అది నిజం చేపే, రాయిగా మారిన శిలాజం. పేరు నైటియా. వయసు దాదాపు 5 కోట్ల 20 లక్షల ఏళ్లు. సొంతూరు అమెరికాలో, వయోమింగ్ రాష్ట్రంలోని కెమ్మరర్ దగ్గర. మన పులసకు దూరపు చుట్టం. ఆ సన్నటి ముళ్లు చూస్తే పులస తిన్నవాళ్లు కాదనలేరు.

అప్పట్లో అక్కడొక సరస్సు ఉండేది. అడుగున ఆక్సిజన్ దాదాపు లేదు. చచ్చి మునిగిన చేపను పీక్కుతినే జీవులు అంత లోతున బతకలేకపోయాయి. పైన సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుంది. పొలుసు కూడా చెదరలేదు. కొన్ని పలకల్లో చేపలు చేపల బజారులో పరిచినట్టే కిక్కిరిసి ఉంటాయి. నాకు మాత్రం మియోప్లోసస్ అనే వేట చేప పలకలంటే ఇష్టం. ఇంకో చేపను మింగబోయి, అది గొంతులో ఇరుక్కుని, రెండూ అలాగే రాయైపోయాయి.

వీటిని వెతికే పద్ధతి వింటే ముచ్చటేస్తుంది. క్వారీలో పొర విడదీసి, రాత్రిపూట లైటును ఏటవాలుగా వేస్తారు. రాయి లోపల దాగిన వెన్నెముక సన్నగా ఉబ్బి కనబడుతుంది. తర్వాత సూదులతో, పొడిని గాలితో చిమ్మే పరికరంతో గంటల తరబడి పని. ఎంత గీకాలో, ఎక్కడ ఆపాలో, చేప చుట్టూ ఎంత రాయి వదలాలో మనిషే నిర్ణయిస్తాడు. కాబట్టి "ప్రకృతి గీసిన బొమ్మ" అన్నమాట సగమే నిజం.

ఆ మనిషి చెయ్యి ఎక్కువైతే ఏమవుతుందో నాకు అనుభవమే. నేను మొదట కొన్న పలకలో తోక ఉత్త రంగు! దూదికి నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది రుద్దితే గోధుమరంగు దూదికి అంటుకుంది. రెండు రోజులు అన్నం సహించలేదు. అమ్మినవాళ్ల పేరు ఎందుకులెండి. అప్పట్నుంచి ముందు పలక వెనకవైపు చూస్తాను. అతుకు ఉంటే అక్కడ తెలుస్తుంది. అతికించడం తప్పనను, చెప్పి అమ్మితే చాలు. ఏ క్వారీ, ఏ పొర అని రాసిన చీటీ కూడా అడుగుతాను.

వయోమింగ్ ప్రైవేటు క్వారీల నైటియాలను చట్టబద్ధంగానే అమ్ముతారు. పక్కనే, 1972లో ఏర్పడిన ఫాసిల్ బ్యూట్ జాతీయ స్మారకంలో మాత్రం ఒక్క రాయి కూడా తీసుకోకూడదు. బ్రెజిల్ శిలాజాలైతే 1942 చట్టం ప్రకారం అక్కడి ప్రభుత్వ ఆస్తి. ఎంత చవకగా ఇస్తామన్నా వద్దనండి. మన ప్రాణహిత-గోదావరి లోయలో 'కోట' అని పేరున్న రాతి పొరల్లోనూ లెపిడోటిస్ అనే చేపలు దొరికాయి, మందపాటి పొలుసులతో. జురాసిక్ కాలపువి, నైటియా కంటే ఎంతో పాతవి. అలాంటివి మీకెప్పుడైనా తగిలితే మ్యూజియానికి కబురు పెట్టండి, గోడకు కొట్టకండి.

ఇంకొక్క మాట. రాగి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి తోమారో, పులుపు సున్నపురాయిని తినేస్తుంది. పొడి బ్రష్ చాలు.

ఇప్పుడు ఈ పలక మీ వరసల్లోకి వస్తోంది. బరువుగా ఉంటుంది, రెండు చేతులా పట్టుకోండి. ముందు వెనక్కి తిప్పి చూడండి.