మన డెల్టాలో ఆఫ్రికన్ వయొలెట్: ఏడాది పెంచాక నా రివ్యూ

నమస్తే అండీ. ఇదిగో, ఈ కిటికీలో ఊదా రంగు పూలతో కనిపిస్తోందే, ఈరోజు రివ్యూ దీని గురించే. ఆఫ్రికన్ వయొలెట్. కిందటి కార్తీకంలో కడియపులంక వెళ్లి, ఒక నర్సరీలో మొక్క 150 రూపాయల చొప్పున రెండు తెచ్చాను. మళ్లీ కార్తీకం వచ్చింది. ఒకటి ఉంది, ఒకటి పోయింది. పోయినదాని గురించే ముందు చెప్తాను, మీకు ఎక్కువ పనికొచ్చేది అదే.

అమ్మిన అబ్బాయి "రోజూ పొద్దున్నే నీళ్లు పొయ్యండి, ఏం కాదు" అన్నాడు. "ఆయ్, అలాగే" అని తెచ్చేసుకున్నాం. ఇంటికొచ్చాక మా అత్తయ్యగారు బంతికీ చామంతికీ వేసినట్టే పెరట్లో ఒండ్రుమట్టి తవ్వి, పశువుల ఎరువు కలిపి ఒక మొక్కని పెద్ద కుండీలోకి మార్చారు. ఆవిడ చెయ్యి మంచిదండీ, పుల్ల గుచ్చినా చిగురిస్తుంది. దీని దగ్గర మాత్రం పారలేదు. మూడు వారాలకి ఆకులు వాలిపోయాయి. దాహం వేసిందనుకుని ఇంకో చెంబు పోశాం. మర్నాడు పట్టుకుంటే మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది. మొదలు గోధుమరంగులో మెత్తగా అయిపోయింది, వేళ్లు ఒక్కటీ మిగల్లేదు.

కారణం మట్టే. మన ఒండ్రు నీళ్లు పట్టి ఉంచుతుంది, అందుకే వరి అంత బాగా పండుతుంది. దీని వేళ్లు దారాల్లా సన్నగా ఉంటాయి, వాటికి తడితో పాటు గాలీ ఆడాలి. ఇది పుట్టింది టాంజానియాలో, ఉసంబరా కొండల్లో. అక్కడ చెట్ల నీడన, నాచు పట్టిన రాళ్ల మీద, గుప్పెడు ఆకుమట్టిలో బతుకుతుంది. 1892లో సెయింట్ పాల్ అనే జర్మన్ అధికారి అక్కడి నుంచి తన తండ్రికి పంపాడు, మరుసటి ఏడాది ఆయన ఇంటిపేరు మీదే సెయింట్‌పాలియా అని పేరు పెట్టారు. పేరులో వయొలెట్ ఉంది గానీ అసలు వయొలెట్లకీ దీనికీ చుట్టరికం లేదు.

సరే, బతికినదాన్ని ఎందులో పెట్టానో దగ్గరగా చూపిస్తాను. రెండు పాళ్లు కొబ్బరి పొట్టు, ఒక పాలు పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తెల్లటి, తేలికైన రాతి గుళికలు), పైన చారెడు వర్మీ కంపోస్టు. అంతే, మట్టి లేదు. కొబ్బరి పొట్టు మనకి కొదవా? మా ఊళ్లో పీచు తీసేచోట అడిగితే గోనెసంచీడు ఊరికే ఇచ్చారు. కానీ తెచ్చింది తెచ్చినట్టు వాడకండి, అందులో ఉప్పు ఉంటుంది. నేను నాలుగుసార్లు బకెట్లో నానబెట్టి పిండాను. మొదటిసారి నీళ్లు డికాషన్‌లా వచ్చాయి, నాలుగోసారికి తేటపడ్డాయి. కుండీ కూడా చిన్నదే ఉండాలి. మొక్క వెడల్పులో మూడోవంతు చాలు.

నీళ్లు పైనుంచి పోయకూడదు. ఆకు మీద నూగు చూడండి, చల్లటి నీళ్లు పడితే ఇలా పసుపు మచ్చలు వస్తాయి, ఇంక పోవు. అందుకే బిందెలో రాత్రంతా ఉన్న నీళ్లు పళ్లెంలో పోసి, కుండీని అరగంట అందులో పెట్టి తీసేస్తాను. ఊరెళ్తే ఒత్తి పద్ధతి. దీపానికి ఒత్తి వేసినట్టే, కుండీ అడుగు కన్నంలోంచి దారం కింద నీళ్ల డబ్బాలోకి వదలడం. నూలు దారం వేస్తే వానాకాలంలో కుళ్లిపోయింది, ఇప్పుడు నైలాన్ దారం వాడుతున్నాను. శ్రావణం, భాద్రపదం ముసురు రోజుల్లో ఒత్తి కూడా తీసేయండి. కుండీ ఎత్తి చూసి, తేలిగ్గా ఉంటేనే నీళ్లు.

వెలుగుకి తూర్పు కిటికీ చాలు. ఆకులు కాడలు సాగదీసుకుని పైకి లేస్తుంటే వెలుగు చాలట్లేదని అర్థం. ఎండ తగిలితే పాలిపోతాయి. ఎరువు 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) చిటికెడు లీటరు నీళ్లలో, రెండు వారాలకోసారి, పూలకాలంలో మాత్రమే.

ఇక అసలు పరీక్ష ఎండాకాలం. ఉన్న మాట చెప్తున్నాను, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా దీనికి పూలు లేవు. దీనికి హాయిగా ఉండేది 18 నుంచి 26 డిగ్రీలు, మన రోహిణి కార్తె సంగతి మీకు తెలుసు. రెండు మొగ్గలు వచ్చి పిందెలా ఎండిపోయాయి. నడిమింట్లో మంచినీళ్ల కుండ పక్కన, నేల మీద పెట్టాను. ఎరువు ఆపేశాను. బతికింది, అదే గొప్ప. దసరా వెళ్లాక మళ్లీ మొగ్గ వేసింది.

ఇవి చూడండి. చచ్చిపోయిన మొక్కలో గట్టిగా ఉన్న ఆకులు రెండు కోసి, కాడ అంగుళం ఉంచి ఏటవాలుగా తెగ్గోసి, పెరుగు డబ్బాలో గుచ్చాను. మూడు నెలలకి కాడ మొదట్లో ఎలుక చెవులంత ఆకులు లేచాయి. విడదీస్తే నాలుగు మొక్కలయ్యాయి. ఇదిగో, దీనికి మధ్యలో మొదటి మొగ్గ. ఒకటి తనకి కావాలని అత్తయ్యగారు అప్పుడే చెప్పేశారు. ఇస్తాను గానీ కుండీ నేనే నింపి ఇస్తాను.

మార్కులు పదికి ఆరు. ఏడాది పొడుగునా పూలు కావాలంటే మందారమో నందివర్ధనమో వేసుకోండి, ఇది తీసుకోకండి. కిటికీ దగ్గర కూర్చుని చూసుకునే ఓపిక ఉంటే తీసుకోండి, అదీ నవంబరు నుంచి జనవరి లోపు. కొనేటప్పుడు పూలు కాదు, మొక్క నడినెత్తి చూడండి. అక్కడ చిన్నాకులు పచ్చగా గట్టిగా ఉండాలి. తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే అది పిండినల్లి, అక్కడే వదిలేసి రండి.