ఎనిమిదో రోజున పుట్టిన యోధుడు: డిశాంటిస్, డిస్నీ, ఫ్లోరిడా

[తెర నలుపు తెలుపులో తెరుచుకుంటుంది. సంగీతం లేదు. తేదీ ఒక్కటే కనిపిస్తుంది: 2022 నవంబర్ 4.]

ఫ్లోరిడా గవర్నర్ ఎన్నికకు ఇంకా నాలుగు రోజులే ఉంది. ఆ రోజు రిపబ్లికన్ పార్టీకి చెందిన గవర్నర్ రాన్ డిశాంటిస్ భార్య కేసీ ఒక ప్రచార వీడియోను జనం ముందు పెట్టారు. నిమిషంన్నర నిడివి. అంతా నలుపు తెలుపు. వెనక నుంచి ఒక బరువైన గొంతు వినిపిస్తూ ఉంటుంది. ఆ గొంతు చెప్పిన మాటల సారం ఇది: ఎనిమిదో రోజున దేవుడు తాను తలపెట్టిన స్వర్గం వైపు చూశాడు. దీన్ని కాపాడేవాడు ఒకడు కావాలి అనుకున్నాడు. అందుకని ఒక యోధుణ్ణి సృష్టించాడు.

ఆ యోధుడు ఎవరో వీడియో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

బైబిలులో సృష్టికి ఆరు రోజులు పట్టింది. ఏడో రోజు విశ్రాంతి. ఎనిమిదో రోజు అనే మాట ఆ సృష్టి కథలో ఎక్కడా లేదు. దాన్ని 1978లో ఒక అమెరికన్ రేడియో వ్యాఖ్యాత రైతుల గురించి చేసిన ప్రసంగం నుంచి తెచ్చుకున్నారు. అందులో దేవుడు ఎనిమిదో రోజున రైతును సృష్టిస్తాడు. తెల్లవారక ముందే లేచి పాలు పితికి, పగలంతా పొలంలో పని చేసే మనిషి కావాలని కోరుకుంటాడు. అక్కడ ఉన్నది పేరు లేని రైతు. ఇక్కడ ఉన్నది ఓటు అడుగుతున్న పాలకుడు. ఆ తేడాను నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను. ఈ వీడియో చేయడానికి కారణం అదే.

[ఫ్లోరిడా పటం. ఓర్లాండో మీద చుక్క.]

డిశాంటిస్ 2018లో గవర్నర్‌గా గెలిచింది అతి తక్కువ తేడాతో. సుమారు 82 లక్షల ఓట్లు పోలైతే ఆధిక్యం 32 వేల చిల్లర. మళ్ళీ లెక్కించాల్సి వచ్చింది. నాలుగేళ్ళ తర్వాత అదే మనిషి 15 లక్షల ఆధిక్యంతో గెలిచారు. ఈ రెండు అంకెల మధ్య జరిగినదే మన కథ. కోవిడ్ ఆంక్షలను తొందరగా ఎత్తివేయడం ఆయనకు దేశమంతటా పేరు తెచ్చింది. ఆ పేరుతోపాటు ఒక తీరు కూడా స్థిరపడింది: ఎక్కడికి వెళ్ళినా ఎదుట ఒక ప్రత్యర్థి ఉండాలి.

2022 మార్చి 2న టాంపాలోని ఒక విశ్వవిద్యాలయంలో ఆయన విలేకరుల ముందు మాట్లాడాల్సి ఉంది. వెనక వరుసలో నిలబెట్టింది హైస్కూలు పిల్లలను. వాళ్ళలో కొందరు మాస్కులు పెట్టుకున్నారు. ఆయన వస్తూనే వాళ్ళ వైపు తిరిగి, ఆ మాస్కులు తీసేయండి, అవి ఏ పనికీ రావు, ఈ నాటకం ఇక ఆపాలి అని విసుక్కున్నారు. పెట్టుకుంటామంటే పెట్టుకోండి గానీ ఇది హాస్యాస్పదం అని కూడా అన్నారు. ఆ దృశ్యాన్ని నేను చాలాసార్లు చూశాను. ఒకరిద్దరు పిల్లలు బెరుకుగా మాస్కు తీశారు, మిగతావారు అలాగే ఉంచుకున్నారు. మాస్కు మంచిదా కాదా అన్న వాదన పక్కన పెడదాం. రాష్ట్రాన్ని ఏలే మనిషి, తనకు ఎదురు చెప్పలేని పిల్లలను కెమెరాల ముందు చిన్నబుచ్చడం నాకు బాధ కలిగించింది.

దానికి కొద్ది రోజుల ముందే, ఫిబ్రవరిలో, మిషిగన్‌కు చెందిన హిల్స్‌డేల్ అనే క్రైస్తవ కళాశాల ఏర్పాటు చేసిన సభలో ఆయన ఒక వాక్యం పలికారు. మన తెలుగు బైబిలు చదివేవారికి అది బాగా తెలిసిన వాక్యమే. ఎఫెసీయులకు రాసిన పత్రిక, ఆరో అధ్యాయం, పదకొండో వచనం.

[తెర మీద వచనం నెమ్మదిగా: "మీరు అపవాది తంత్రములను ఎదిరించుటకు శక్తిమంతులగునట్లు దేవుడిచ్చు సర్వాంగకవచమును ధరించుకొనుడి."]

డిశాంటిస్ కూడా దేవుడి సర్వాంగ కవచం ధరించమన్నారు. అయితే "అపవాది తంత్రములు" అన్న చోట "వామపక్షం తంత్రాలు" అన్నారు. ఒక్క మాట మారింది. ఆ ఒక్క మాటతో, తనకు ఓటు వేయని పొరుగువాడు వచ్చి సైతాను స్థానంలో నిలబడ్డాడు. అదే పత్రికలో మరుసటి వచనం, మనం పోరాడేది రక్తమాంసాలున్న మనుషులతో కాదు అని స్పష్టంగా చెబుతుంది. డిశాంటిస్ కేథలిక్. ఆయన విశ్వాసం ఆయన సొంతం, దాని లోతు కొలవడం నా పని కాదు. వచనంలో మాట మార్చి సభలో చెప్పడం మాత్రం బహిరంగంగా చేసిన పని. దాన్ని ప్రశ్నించే హక్కు పౌరుడికీ ఉంది, భక్తుడికి మరీ ఉంది.

ఇక డిస్నీ సంగతి.

[చిత్తడి నేలల పాత ఫోటోలు. ఆ మీద ఏడాది: 1965.]

అమెరికాలో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చిన ఎందరో తెలుగు తల్లిదండ్రుల ఫోటోల్లో వెనక కనిపించే ఆ కోట ఒకప్పుడు చిత్తడి నేల. 1960లలో వాల్ట్ డిస్నీ తన పేరు బయటపడకుండా వేర్వేరు కంపెనీల పేర్లతో అక్కడ 27 వేల ఎకరాలకు పైగా కొన్నారు. కొన్నది ఎవరో 1965 అక్టోబర్‌లో బయటపడగానే ధరలు ఆకాశాన్నంటాయి. ఆయన మరుసటి ఏడాది చనిపోయారు. 1967లో ఫ్లోరిడా శాసనసభ ఆ నేల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, రీడీ క్రీక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్‌ను ఏర్పాటు చేసింది.

మన మాటల్లో చెప్పాలంటే ఒక కంపెనీకి సొంత మునిసిపాలిటీ దొరికింది. రోడ్లు, మురుగునీరు, విద్యుత్తు, అగ్నిమాపక దళం, భవన నిర్మాణ అనుమతులు అన్నీ ఆ డిస్ట్రిక్ట్ చేతిలోనే. కావాలంటే అణు విద్యుత్ కేంద్రం కట్టుకునే అధికారం కూడా ఆ చట్టంలో ఉండేది. వాళ్ళు కట్టలేదు, అది వేరే సంగతి. బోర్డులో ఐదుగురు సభ్యులు. అప్పట్లో వాళ్ళను ఎన్నుకునేది భూమి యజమానులు, ఎకరాల లెక్కన. భూమి దాదాపు అంతా డిస్నీదే. సభ్యుడిగా ఉండాలంటే అక్కడ భూమి ఉండాలి కాబట్టి ఒక్కొక్కరి పేరు మీద ఐదెకరాల చొప్పున ఉంచేవారు. ఆ నేల పరిధిలో రెండు చిన్న పట్టణాలు ఉన్నాయి, రెండింటిలో కలిపి ఉండేది కొన్ని పదుల మంది.

ఇది ప్రజాస్వామ్యంలో ఉండాల్సిన ఏర్పాటేనా? ఉండకూడదనే నేను గట్టిగా నమ్ముతున్నాను. కంపెనీ కట్టే భవనానికి కంపెనీ ఎన్నుకున్న బోర్డే అనుమతి ఇవ్వడం ఏ ఊళ్ళోనూ మంచిది కాదు. అయితే 55 ఏళ్ళ పాటు రెండు పార్టీల గవర్నర్లూ దాన్ని కదపలేదు. డిశాంటిస్ కూడా మొదటి మూడేళ్ళూ కదపలేదు. పైగా 2021లో సోషల్ మీడియా సంస్థలను కట్టడి చేసే చట్టం మీద ఆయన సంతకం చేసినప్పుడు, 25 ఎకరాలకు మించిన థీమ్ పార్కు ఉన్న కంపెనీలకు అందులో మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు ఎవరి కోసమో ఊహించడం కష్టం కాదు.

మరి ఏమి మారింది?

2022 మార్చి 28న ఆయన ఒక విద్యా చట్టం మీద సంతకం చేశారు. కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకు లైంగిక ధోరణి గురించి గానీ లింగ గుర్తింపు గురించి గానీ బడిలో పాఠాలు చెప్పకూడదన్నది దాని సారం. డిస్నీ అధిపతి బాబ్ చాపెక్ మొదట మౌనంగా ఉన్నారు. సొంత ఉద్యోగులే తిరగబడ్డారు, పని ఆపి బయటికి వచ్చారు. చాపెక్ వాళ్ళకు క్షమాపణ చెప్పి, ఫ్లోరిడాలో రాజకీయ విరాళాలు నిలిపివేశారు. చట్టం వచ్చాక, దాన్ని రద్దు చేయించడమే తమ లక్ష్యమని కంపెనీ ప్రకటించింది.

ఒక్క ప్రకటన. ఆ తర్వాత నాలుగు వారాలు కూడా గడవలేదు.

[క్యాలెండర్: 2022 ఏప్రిల్. 14, 22 తేదీల చుట్టూ గీతలు.]

ఏప్రిల్ 14న గవర్నర్ 15 వారాలు దాటిన గర్భస్రావాలను నిషేధించే చట్టం మీద సంతకం చేశారు. చేసిన చోటు ఒక చర్చి, కిసిమ్మీ పట్టణంలో. డిస్నీ నేలకు పొరుగూరు అది. ఎనిమిది రోజుల తర్వాత, ఏప్రిల్ 22న, రీడీ క్రీక్‌ను రద్దు చేసే చట్టం మీద సంతకం చేశారు. సోషల్ మీడియా చట్టంలోని ఆ మినహాయింపును కూడా అప్పుడే తీసేశారు.

తొందరలో ఎవరూ సరిగా చూడని సంగతి ఒకటి మిగిలింది. రీడీ క్రీక్‌కు సుమారు 100 కోట్ల డాలర్ల బాండ్ల అప్పు ఉంది. డిస్ట్రిక్ట్ రద్దయితే ఆ అప్పు పక్కనున్న ఆరెంజ్, ఆసియోలా కౌంటీల (మన జిల్లాల వంటివి) ప్రజల మీద పడుతుంది. ఆస్తి పన్ను 20 నుంచి 25 శాతం పెంచాల్సి రావచ్చని ఆరెంజ్ కౌంటీ పన్నుల అధికారి హెచ్చరించారు. కంపెనీని శిక్షించబోతే ఆ శిక్ష డిస్నీలో ఎప్పుడూ పని చేయని ఇంటి యజమాని నెత్తిన పడేలా ఉంది. దాంతో రద్దు ఆలోచన మానుకుని, 2023 ఫిబ్రవరి 27న మరో చట్టం తెచ్చారు. డిస్ట్రిక్ట్ ఉంటుంది, పేరు మారుతుంది, ఐదుగురు సభ్యులనూ గవర్నరే నియమిస్తారు. ఆ సంతకం రీడీ క్రీక్ అగ్నిమాపక కేంద్రంలోనే జరిగింది. కార్పొరేట్ సామ్రాజ్యం ఈ రోజుతో ముగిసిందని ఆయన ప్రకటించారు.

ముగియలేదు. కొత్త బోర్డు కుర్చీల్లో కూర్చుని కాగితాలు తిరగేస్తే, పాత బోర్డు ఫిబ్రవరి 8న, అంటే వెళ్ళిపోయే ముందు, నోటీసిచ్చి బహిరంగ సమావేశం పెట్టి మరీ డిస్నీతో ఒప్పందాలు చేసుకుందని తేలింది. కొత్త బోర్డు అధికారాల్లో ముఖ్యమైనవన్నీ ఆ ఒప్పందాలతో చేజారాయి. అందులో ఒక షరతు గడువు ఇలా ఉంది: ఇంగ్లండ్ రాజు మూడో చార్లెస్ సంతానంలో ఒప్పందం నాటికి బతికి ఉన్నవారిలో చివరివారు మరణించాక మరో 21 ఏళ్ళ వరకు.

వినగానే వింతగా ఉంటుంది. కానీ ఇది పాత ఇంగ్లీషు ఆస్తి చట్టం నుంచి వచ్చిన పద్ధతి. భూమి మీద పెట్టే షరతు శాశ్వతంగా ఉండకూడదు, ఇప్పుడు బతికి ఉన్న ఒకరి ఆయుష్షుకు 21 ఏళ్ళు కలిపితే ఎంత అవుతుందో అంతవరకే చెల్లుతుంది. అందుకని లాయర్లు బాగా పెద్దదైన, పుట్టుకలూ చావులూ లోకానికంతటికీ తెలిసే కుటుంబాన్ని ఎంచుకుంటారు. చార్లెస్ మనవలలో అందరికంటే చిన్నపాప పుట్టింది 2021లో. లెక్క వేసుకోండి, వందేళ్ళు దాటవచ్చు.

ఏప్రిల్‌లో గవర్నర్ విలేకరుల ముందు, డిస్నీ పక్కనున్న నేలలో ఏమి కట్టవచ్చో చెబుతూ, ఇంకో థీమ్ పార్కు కావచ్చు, బహుశా రాష్ట్ర జైలు కావచ్చు అన్నారు. ఆ తర్వాత తొమ్మిది రోజులకు, ఏప్రిల్ 26న, కొత్త బోర్డు పాత ఒప్పందాలను చెల్లవని తీర్మానించింది. అదే రోజు డిస్నీ ఫెడరల్ కోర్టుకు వెళ్ళింది. మాట్లాడినందుకు ప్రభుత్వం మా మీద కక్ష తీర్చుకుంటోంది, ఇది రాజ్యాంగం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధం అన్నది వాదన. మే నెలలో కంపెనీ ఓర్లాండోలోని లేక్ నోనాలో కట్టాలనుకున్న దాదాపు 100 కోట్ల డాలర్ల కార్యాలయ ప్రాంగణాన్ని రద్దు చేసుకుంది. 2 వేల ఉద్యోగాలు అక్కడికి వస్తాయనుకున్నారు, రాలేదు. ఆపేయడానికి వ్యాపార పరిస్థితులు మారడం కారణమని డిస్నీ చెప్పింది.

అధ్యక్ష పదవికి పోటీలో దిగిన డిశాంటిస్, 2024 జనవరిలో రిపబ్లికన్ అభ్యర్థిని ఎంచుకునే మొదటి పోరు జరిగిన అయోవా రాష్ట్రంలో చాలా వెనకబడి రెండో స్థానంలో నిలిచి తప్పుకున్నారు. పది రోజుల తర్వాత, జనవరి 31న, ఫెడరల్ న్యాయమూర్తి ఆలెన్ విన్సర్ డిస్నీ కేసును కొట్టేశారు. గవర్నర్ ఉద్దేశం మంచిదని ఆయన తీర్పులో అనలేదు. చట్టం పాఠం పైకి రాజ్యాంగబద్ధంగా ఉన్నప్పుడు, దాన్ని చేసినవారి మనసులో కక్ష ఉందన్న ఆరోపణతో వాక్ స్వాతంత్ర్యం కింద దాన్ని సవాలు చేయడం కుదరదు అన్నారు. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే భయం కలిగించిన వాక్యం ఇది. డిస్నీ చేతిలో వేల కోట్లున్నాయి, దేశంలోనే పేరున్న లాయర్లున్నారు. ఒక చిన్న పత్రిక మీదో, ఒక ఉపాధ్యాయ సంఘం మీదో ఇదే పని చేస్తే వాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? డిస్నీ ప్రత్యేక హక్కులు తొలగించాలని మొదటి నుంచీ కోరుకున్నవాణ్ణి నేను. అవి తొలగిన తీరును చూసి సంతోషించలేకపోయాను.

[పటం మళ్ళీ. ఈసారి డిస్ట్రిక్ట్ హద్దులు కొత్త పేరుతో.]

డిస్నీ పై కోర్టుకు అప్పీలు చేసింది. అది నడుస్తుండగానే 2024 మార్చి 27న, పాత ఒప్పందాల మీద కొత్త బోర్డుకూ డిస్నీకీ రాష్ట్ర కోర్టులో విడిగా నడుస్తున్న వివాదంలో రెండు పక్షాలూ రాజీకి వచ్చాయి. రాజుగారి వంశం పేరున్న ఒప్పందం చెల్లదని డిస్నీ ఒప్పుకుంది. జూన్‌లో కొత్త బోర్డు, డిస్నీ 15 ఏళ్ళకు మరో ఒప్పందం చేసుకున్నాయి. కంపెనీ రాబోయే సంవత్సరాల్లో 1,700 కోట్ల డాలర్ల దాకా పెట్టుబడి పెట్టవచ్చు, ఐదో పెద్ద పార్కు కట్టుకోవచ్చు. అప్పీలును ఉపసంహరించుకున్నారు. కాబట్టి మాట్లాడినందుకు ప్రభుత్వం ఇలా శిక్షించవచ్చా అన్న ప్రశ్న పై కోర్టు బెంచీ దాకా వెళ్ళనే లేదు.

డిశాంటిస్ పదవీకాలం 2027 జనవరిలో ముగుస్తుంది. బోర్డులోని ఆ ఐదు కుర్చీలను నింపే కలం ఆ రోజు తర్వాతి గవర్నర్ చేతికి వెళ్తుంది, ఆ గవర్నర్ ఏ పార్టీ వారైనా.