భీమిలి రేవు, మన గోగునార

శ్రోతలకు నమస్కారం.

ఓడరేవు అనగానే మనకు విశాఖే గుర్తొస్తుంది. కానీ విశాఖ హార్బరు 1933లో తెరిచారు. అంతకు ముందు విజయనగరం చుట్టుపక్కల సరుకు సముద్రం దాటాలంటే చాలావరకు ఎడ్లబండెక్కి భీమిలి, అంటే భీమునిపట్నం, చేరాల్సిందే.

పదిహేడో శతాబ్దంలోనే డచ్చివాళ్లు అక్కడ కొట్లు పెట్టారు. మన నేతబట్టలు కొని తూర్పు దీవులకు పంపి, సుగంధద్రవ్యాలు తెచ్చుకునేవారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. డచ్చి సమాధుల దగ్గర ఫొటోలు తీసుకునేవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. నన్నడిగితే అసలు కథ అక్కడ లేదు, గోగునారలో ఉంది.

గోగు ఆకు మనకు పచ్చడికి. కాండం నారకి. కోసిన కట్టల్ని చెరువులో ముంచి, పైన బరువు పెట్టి, బాగా నానాక కూలీలు నీళ్లలో నిలబడి నార ఒలిచేవారు. ఆ కంపు భరించడం మాటలు కాదు. ఆరిన నారను బేళ్లు కట్టి భీమిలిలో ఓడెక్కిస్తే, విదేశీ బేరగాళ్లు దాన్ని 'బిమ్లిపటం జూట్' అనేవారు. చెమట మెట్టపొలాల రైతుది, పేరు రేవుది!

రేవన్నాను గానీ, అక్కడ స్టీమరు ఒడ్డుకు వచ్చే వీలే లేదు. దూరంగా లంగరు వేస్తే, పడవలవాళ్లు కెరటాలను దాటుకుంటూ బేళ్లు మోసుకెళ్లాలి. ఆ పడవల పలకలకు మేకులు కొట్టరు, కొబ్బరితాడుతో కుడతారు. కెరటం కొట్టినా, ఇసుకకు తగిలినా కుట్టిన పడవ కాస్త వంగుతుంది, పగలదు. కళింగపట్నంలో, బారువలో కూడా సరుకు ఇలా పడవల మీదే ఓడ చేరేది. సముద్రం పొంగిందా, ఆ రోజుకు బేరం బంద్.

1890లలో మద్రాసు, కలకత్తాలను కలిపే రైలుమార్గం పడింది. అది విజయనగరం మీదుగా వెళ్లింది కానీ భీమిలిని తాకలేదు. 1931కి విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలు లైను కూడా పూర్తయింది. రెండేళ్లకు విశాఖలో ఓడలు నేరుగా గట్టుకే చేరే హార్బరు వచ్చాక, ఇక పడవల్లో సరుకు తడుపుకునే అవసరం ఎవరికుంది? తుఫానులు, ఇసుక మేటలు రేవుల్ని చంపాయని అంటుంటారు. అవి ఎప్పుడూ ఉన్నవే. నా లెక్కలో దెబ్బ కొట్టింది రైలూ, హార్బరూ.

నార మాత్రం వెంటనే పోలేదు. చిట్టివలస, నెల్లిమర్ల జూట్ మిల్లులు చాలాకాలం కొన్నాయి. తర్వాత ప్లాస్టిక్ సంచులు వచ్చాయి, చెరువులో దిగి నార తీసే కూలీలు దొరకడం కష్టమైంది. ఇప్పుడు మన జిల్లాలో చాలామంది గోగు మానేసి మొక్కజొన్న వేస్తున్నారు.