మయోనైజ్ లేని పిక్నిక్ సలాడ్: పొడి వేరుగా, తడి వేరుగా

అందరికీ నమస్తే. పొయ్యి వెలిగించే ముందు పోయిన ఎండాకాలం సంగతి ఒకటి చెప్పాలి. మే నెలలో ఒక ఆదివారం మా ఇంటిల్లిపాదీ రెండు కార్లలో తలకోనకి బయల్దేరాం. పిల్లలు అడిగారని ఉర్లగడ్డలు, గుడ్లు ఉడకబెట్టి, మయోనైజ్ కలిపి పెద్ద డబ్బా నిండా సలాడ్ చేశాను. పొద్దున ఆరింటికి కలిపి డిక్కీలో పెట్టాం. చంద్రగిరి దాటి, భాకరాపేట ఘాట్ మీదుగా పోయి, పిల్లలు నీళ్లలో ఆడుకుని, తిందామని కూర్చునేసరికి ఒంటిగంట. మూత తీస్తే నూనె పైకి తేలింది, అడుగున నీళ్లు ఊరాయి, పుల్లటి వాసన కొట్టింది.

మా అవ్వ ఒక్క ముద్ద కూడా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తన సంచిలోంచి పులిహోర తీసింది. పిల్లల కోసం అక్కడికక్కడ కీరా దోసకాయలు కోసి, ఇంటి నుంచి తెచ్చిన చెనక్కాయల పొడి చల్లి, నిమ్మకాయ పిండి ఇచ్చింది. గిన్నె ఖాళీ అయిపోయింది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ గిన్నె దగ్గర నేర్చుకున్నదే.

మయోనైజ్ అంటే గుడ్డు సొన, నూనె, నిమ్మరసమో వెనిగరో కలిపి గిలక్కొట్టిన మీగడలాంటి పదార్థం. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది. అందుకే పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ చివర్లో ఏడాది పాటు నిషేధించింది. మన పక్కనున్న తమిళనాడు కూడా 2025 ఏప్రిల్‌లో అదే పని చేసింది. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. సీసాల్లో అమ్మే మయోనైజ్ పుల్లగా ఉంటుంది, దాంట్లో బ్యాక్టీరియా అంత తేలిగ్గా పెరగదు. దాన్ని ఉడికిన ఉర్లగడ్డలో, గుడ్డులో కలిపి ఎండలో తిప్పినప్పుడే అసలు ఇబ్బంది. కాబట్టి మయోనైజ్ మానేశాం, ఇక భయం లేదు అనుకోకండి. ఉడికినవి ఏవైనా జాగ్రత్తగానే తీసుకుపోవాలి.

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. బయట 32 డిగ్రీలు దాటితే, వండిన పదార్థాన్ని చల్లదనం లేకుండా గంటకు మించి ఉంచకూడదు. మే నెలలో మన తిరుపతి 40 దాటుతుంది, ఇంక మూసిన కారు డిక్కీ సంగతి చెప్పనక్కర్లేదు.

సరే, పొయ్యి దగ్గరికి వద్దాం. మొదట చెనక్కాయల పొడి. అర కప్పు చెనక్కాయ విత్తనాలు సన్న సెగ మీద వేయించండి. తొందరపడి మంట పెంచితే పైన మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. పొట్టు చేత్తో నలిపితే ఊడిరావాలి, అదీ గుర్తు. పూర్తిగా చల్లారాక మూడు ఎండుమిరపకాయలు, రెండు చిటికెల జీలకర్ర, ఉప్పు వేసి మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్ద అయిపోతుంది. చూడండి, ఇలా బరకగా ఉండాలి. దీన్ని తడి తగలని డబ్బాలో వేరుగా కట్టుకోండి.

అక్కడికి వెళ్లాక ఈ పొడిలో ఒక నిమ్మకాయ పిండి, నాలుగైదు చెంచాల నీళ్లు పోసి చెంచాతో బాగా కలపండి. ఒక్క నిమిషంలో చిక్కగా, నున్నగా తయారవుతుంది. చెనక్కాయ గింజలో దాదాపు సగం నూనే. ఆ నూనెని నీళ్లతో కలిపి పట్టి ఉంచే పని గింజలోని ప్రోటీన్ చేస్తుంది. మయోనైజ్‌లో గుడ్డు సొన చేసేది కూడా ఇదే పని. రాగి సంకటిలోకి ఊరిబిండి, అంటే చెనక్కాయల పచ్చడి, నూరుకునే మన చిత్తూరు, తిరుపతి ఇళ్లలో ఈ రుచి ఎవరికీ కొత్త కాదు. నాలుగు ఉర్లగడ్డల ముక్కలకి ఈ కొలత సరిపోతుంది. ఉర్లగడ్డలు మాత్రం పొద్దున ఉడకబెట్టి, పూర్తిగా ఆరాకే మూత పెట్టండి. వేడి మీద మూసేస్తే ఆవిరి నీళ్లై ముక్కలన్నీ చిత్తడి అవుతాయి.

రెండోది మనందరికీ తెలిసిందే. శ్రీరామనవమికి పానకంతో పాటు పెట్టే వడపప్పు. అదీ సలాడే కదా! ఒక కప్పు పెసరపప్పు గంట సేపు నానబెట్టి, వడకట్టి, గుడ్డ మీద ఆరబెట్టండి. రాత్రే నానబెట్టకండి, ఈ ఎండకి పొద్దునకల్లా పులిసిపోతుంది. దీంట్లోకి పచ్చి తోతాపురి మామిడికాయ తురుము వేస్తాను. మన జిల్లా కాయ, మరీ పులుపు ఉండదు, కరకరలాడుతుంది. పిల్లలు ఇష్టంగా తింటారు. కీరా దోసకాయ వేసేటట్లయితే మధ్యలో గింజల భాగం తీసేయండి, నీళ్లు ఊరేది అక్కడే. ఆవాలు, కరివేపాకు, పచ్చిమిర్చి తాలింపు చల్లారాకే కలపండి. ఉప్పు మాత్రం ఇంట్లో వెయ్యొద్దు. ఉప్పు తగిలిన వెంటనే ముక్కల్లోంచి నీళ్లు బయటికొస్తాయి. ఒక పొట్లంలో కట్టుకుపోయి, వడ్డించే ముందు కలపండి. కొబ్బరి నాకు చాలా ఇష్టం, కానీ ఎండాకాలం ప్రయాణంలో తొందరగా పాడవుతుందని మానేశాను.

శనగల గుగ్గిళ్లలో మదనపల్లె టమోటా ముక్కలు, ఉల్లిపాయ వేసుకున్నా బాగుంటుంది. టమోటాలు అక్కడే కోసుకోండి. మొలకలు తీసుకుపోయేవాళ్లకి ఒక మాట: పచ్చి మొలకల్లో కూడా సాల్మొనెల్లా పెరుగుతుంది, ఐదు నిమిషాలు ఆవిరి పట్టించండి. ముఖ్యంగా చిన్నపిల్లలకి, గర్భిణులకి, పెద్దవాళ్లకి పచ్చివి పెట్టకండి.

ఇక సర్దుకోవడం. ముందు రోజు రాత్రే రెండు మూడు నీళ్ల బాటిళ్లు ఫ్రీజర్‌లో గడ్డ కట్టించండి. పైన కాస్త ఖాళీ వదలండి, లేకపోతే పగులుతాయి. మందపాటి సంచిలో ఆ బాటిళ్ల మధ్యలో డబ్బాలు పెట్టి, డిక్కీలో కాకుండా ఏసీ తగిలేచోట కాళ్ల దగ్గర ఉంచుకోండి. మంచు కరిగాక ఆ నీళ్లే చల్లగా తాగొచ్చు.

తలకోనలో కోతులు ఎక్కువ. ప్లాస్టిక్ కవరు కనబడితే లాక్కునే పోతాయి. అందుకే నేను పక్కన క్లిప్పులుండే స్టీల్ క్యారియర్ వాడతాను. అందరూ కూర్చున్నాకే మూత తీస్తాను. అప్పుడే పొడి, అప్పుడే నిమ్మకాయ, అప్పుడే ఉప్పు.