అక్టోబర్‌లో ఫీనిక్స్: అరిజోనా ఫాల్ లీగ్ మ్యాచ్ ఎలా చూడాలి

నమస్తే అండీ. ఈ వీడియో మొత్తం అరిజోనా ఫాల్ లీగ్ అనే బేస్‌బాల్ లీగ్ గురించే. ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్, గిల్బర్ట్ వైపు మన తెలుగు కుటుంబాలు బోలెడన్ని ఉన్నాయి. మార్చిలో స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్‌కి ముందు జరిగే సన్నాహక) మ్యాచ్‌లకి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. అవే స్టేడియాల్లో అక్టోబర్ మొదట్లో మొదలై నవంబర్ సగం దాకా ఇంకో లీగ్ నడుస్తుంది. రేపో మాపో మేజర్ లీగ్‌లోకి, అంటే అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై లీగ్‌లోకి వెళ్లబోయే కుర్రాళ్లు చాలామంది అక్కడ ఆడతారు. స్టాండ్స్‌లో జనం మామూలు రోజుల్లో వందల్లోనే ఉంటారు. మేజర్ లీగ్ మ్యాచ్‌లో ఊహించలేనంత దగ్గరగా, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ గ్లవ్‌లో బంతి పడ్డ చప్పుడు వినపడే చోట కూర్చోవచ్చు.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. ఇక్కడ ఎవరు గెలిచారన్నది చూడటానికి వెళ్లకండి. ఎవరు ఏ పని మీద వచ్చారో, ఆ పని ఎంతవరకు అయిందో చూడటానికి వెళ్లండి. అది పట్టుకుంటే మూడు గంటలు ఎలా గడిచాయో తెలియదు. అది పట్టుకోకపోతే తొమ్మిది ఇన్నింగ్స్‌లో మూడో ఇన్నింగ్స్‌కే పిల్లలు ఇంటికి పోదామంటారు.

జట్లు ఆరు: గ్లెండేల్ డెజర్ట్ డాగ్స్, మీసా సోలార్ సాక్స్, పియోరియా హవలీనాస్, సాల్ట్ రివర్ రాఫ్టర్స్, స్కాట్స్‌డేల్ స్కార్పియన్స్, సర్‌ప్రైజ్ సగ్వారోస్. మేజర్ లీగ్‌లో ఉన్న 30 క్లబ్బులూ తలా ఏడెనిమిది మందిని పంపిస్తాయి. ఒక్కో ఫాల్ లీగ్ జట్టులో ఐదు క్లబ్బుల ఆటగాళ్లు కలిసి ఆడతారు. సీజనంతా ఒకరి మీద ఒకరు ఆడినవాళ్లు ఈ ఆరు వారాలు ఒకే డగౌట్‌లో కూర్చుంటారన్నమాట. కోచ్‌లనీ క్లబ్బులే పంపుతాయి. అంపైర్లు కూడా మైనర్ లీగ్ (మేజర్ కింది స్థాయి లీగ్‌లు) నుంచి పైకి రావాల్సినవాళ్లే. వాళ్లకీ ఇది పరీక్షే.

1992లో దీన్ని మొదలుపెట్టినప్పుడు కారణం చాలా మామూలుది. అంతకు ముందు చలికాలంలో కుర్రాళ్లు ఇంకా ఆడాలంటే డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా, ప్యూర్టోరికో, మెక్సికో లీగ్‌లకి వెళ్లేవారు. అక్కడి జట్లకి గెలుపు ముఖ్యం, అభిమానులు ఊరుకోరు. కుర్రాడు రెండు వారాలు తడబడితే బెంచ్ మీద కూర్చోబెడతారు, పిచ్చర్ (బంతి వేసేవాడు) బాగా వేస్తున్నాడంటే అలసిపోయేదాకా వేయిస్తారు. తమ ఆటగాడు ఎన్ని బంతులు వేయాలో, ఏ స్థానంలో ఆడాలో తామే నిర్ణయించుకునే లీగ్ అమెరికాలోనే ఉండాలని క్లబ్బులు అనుకున్నాయి. అందుకే ఈ లీగ్‌ని మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థే నడుపుతుంది.

ఇప్పుడు పంపించేది ఎవర్ని అన్నది చూద్దాం, ఇక్కడే చాలామంది పొరబడతారు. క్లబ్బులు తమ బంగారు పిచ్చర్లని మామూలుగా ఇక్కడికి పంపవు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా 120, 130 ఇన్నింగ్స్ వేసిన కుర్రాడి భుజానికి అక్టోబర్‌లో విశ్రాంతి కావాలి. కాబట్టి వచ్చే పిచ్చర్లలో ఎక్కువమంది గాయం వల్ల సీజన్‌లో కొంత పోగొట్టుకున్నవాళ్లు, ఆ ఇన్నింగ్స్ ఇక్కడ పూడ్చుకోవాలి. లేదా బంతి 97 మైళ్లు పోతుంది కానీ ఎటు పోతుందో తెలియని రిలీవర్లు, అంటే మ్యాచ్ మధ్యలో దిగే పిచ్చర్లు. బ్యాటర్లు అలా కాదు, నిజంగానే మేలిమి వాళ్లు వస్తారు. అందుకే ఇక్కడ వాక్‌లు (గురి తప్పిన బంతులు, అంటే 'బాల్స్' నాలుగు పడితే బ్యాటర్ ఉచితంగా ఫస్ట్ బేస్‌కి వెళ్లడం) ఎక్కువ, పరుగులు ఎక్కువ.

గాలి కూడా బ్యాటర్ల వైపే. ఫీనిక్స్ సముద్ర మట్టానికి 330 మీటర్లకు పైన ఉంది. వేడి గాలి పలచగా ఉంటుంది కాబట్టి కొట్టిన బంతి ఎక్కువ దూరం పోతుంది, వంపు తిరగాల్సిన కర్వ్‌బాల్ తక్కువ తిరుగుతుంది. తేమ లేక బంతి ఎండిపోయి గట్టిపడుతుంది, జారుతుంది, వేలికి పట్టు దొరకదు. మేజర్ లీగ్ జట్టు డైమండ్‌బ్యాక్స్ తన మైదానంలో 2018 నుంచి బంతుల్ని తేమ గదిలో పెట్టి వాడుతోందంటే కారణం ఈ ఎండుగాలే. ఇక్కడ ఒక పిచ్చర్ స్లైడర్ (పక్కకి జారే బంతి) మీద పట్టు తప్పి వరుసగా నాలుగు బాల్స్ వేస్తే వెంటనే పనికిరాడని తేల్చేయకండి.

అంకెలు ఎంత మోసం చేస్తాయో చెప్పడానికి నాకు ఇష్టమైన ఉదాహరణ స్కాట్స్‌డేల్ స్కార్పియన్స్‌దే. 1994లో బాస్కెట్‌బాల్ వదిలి బేస్‌బాల్‌కి వచ్చిన మైకేల్ జోర్డాన్ ఈ జట్టుకి ఆడాడు. మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా, తర్వాత బోస్టన్ రెడ్ సాక్స్‌ని 2004లో, 2007లో వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిపించినాయన. జోర్డాన్ బ్యాటింగ్ సగటు 0.252, అంటే కొట్టి క్షేమంగా బేస్ చేరిన హిట్లని అట్-బ్యాట్స్‌తో (బ్యాటింగ్ అవకాశాలతో) భాగిస్తే వచ్చే అంకె. 2011లో అదే జట్టుకి మైక్ ట్రౌట్ ఆడాడు, సగటు 0.245. అంకెలే నమ్మితే జోర్డానే మెరుగు! మరుసటి ఏడాది ట్రౌట్ మేజర్ లీగ్‌లో ఒక సగమైన అమెరికన్ లీగ్‌కి రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు. జోర్డాన్ మేజర్ లీగ్ మెట్టే ఎక్కలేదు.

ఎందుకిలా అంటే లెక్క చాలా చిన్నది. ఈ లీగ్‌లో ఒక్కో జట్టు ఆడేది 30 మ్యాచ్‌లకి అటూ ఇటూ, అందులో ఒక ఆటగాడు దిగేది కొన్నిటికే. 80 అట్-బ్యాట్స్‌లో 20 హిట్లు వస్తే సగటు 0.250. అదే 26 వస్తే 0.325. మధ్యలో తేడా ఆరు హిట్లు. అందులో మూడు బ్యాట్ అంచుకి తగిలి షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) వెనక పడ్డవే కావచ్చు. కాబట్టి సగటు పక్కనపెట్టండి.

మరి ఏం చూడాలి? హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక, వలకి దగ్గరి వరుసల్లో చూడండి. చేతిలో రాడార్ గన్, ఒళ్లో నోట్‌బుక్, మెడలో స్టాప్‌వాచ్ పెట్టుకున్నవాళ్లు స్కౌట్లు, అంటే క్లబ్బుల కోసం ఆటగాళ్లని అంచనా వేసేవాళ్లు. సీటు వాళ్ల వెనక రెండు వరుసల్లో చూసుకోండి, పందిరి నీడ కూడా తరచూ అక్కడే ఉంటుంది. మాట్లాడించకండి, వాళ్లు పనిలో ఉంటారు. మీ ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిస్తే చాలు, వాళ్లు చేసే పనిలో సగం మీరూ చేయొచ్చు.

మొదటిది, బ్యాటర్ ఫస్ట్ బేస్‌కి పరుగెత్తే సమయం. బ్యాట్‌కి బంతి తగిలిన చప్పుడుకి నొక్కండి, కాలు బేస్ మీద పడగానే ఆపండి. దూరం 90 అడుగులు. కుడిచేతి బ్యాటర్‌కి 4.3 సెకన్లు సగటు, ఎడమచేతివాడికి 4.2, వాడు బేస్‌కి ఒక అంగ దగ్గరగా నిలబడతాడు కాబట్టి. ఎడమచేతివాడు 4.0లో చేరాడంటే చాలా వేగం. సులువుగా అవుటయ్యే బంతికి సగం పరుగు తీసి ఆగిపోయేవాళ్లని లెక్కలోకి తీసుకోకండి. కొట్టగానే గట్టిగా పరుగెత్తిన సందర్భాల్నే తీసుకోండి, మూడు నాలుగు కొలతలు వస్తేనే నమ్మండి.

రెండోది స్టీల్, అంటే బేస్ దొంగిలించడం: పిచ్చర్ బంతి వేస్తుండగానే బేస్ మీదున్న రన్నర్ తర్వాతి బేస్‌కి పరుగెత్తడం. ఇక్కడ రెండు కొలతలు కావాలి. పిచ్చర్ ముందుకాలు కదిలినప్పట్నుంచి బంతి క్యాచర్ గ్లవ్‌లో పడేదాకా ఒకటి, 1.3 సెకన్లు బాగున్నట్టు. క్యాచర్ గ్లవ్‌లో పడ్డ చప్పుడు నుంచి సెకండ్ బేస్ దగ్గర ఫీల్డర్ గ్లవ్‌లో పడేదాకా ఇంకోటి, దీన్ని పాప్ టైమ్ అంటారు. 2.0 సగటు, 1.9 గొప్ప. రెండూ కలిపితే 3.3. వేగంగల రన్నర్‌కి ఫస్ట్ నుంచి సెకండ్‌కి పట్టేదీ ఇంచుమించు అంతే. ఇప్పుడు పిచ్చర్ కాలు బాగా ఎత్తి 1.5 తీసుకున్నాడనుకోండి. క్యాచర్ 1.9లో విసిరినా మొత్తం 3.4, రన్నర్ అప్పటికే బేస్ మీద ఉంటాడు. స్టాండ్స్‌లో మాత్రం అందరూ క్యాచర్‌నే తిడతారు! తప్పు పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ మీద ఉందని మీ స్టాప్‌వాచ్ చెబుతుంది. అలవాటు చేసుకోవాలంటే ఇన్నింగ్స్‌ల మధ్య వార్మప్ చివరి బంతిని క్యాచర్ సెకండ్‌కి విసురుతాడు, దాన్ని కొలవండి. అది మ్యాచ్‌లోకన్నా కాస్త వేగంగానే వస్తుంది, ముందే లేవడానికి సిద్ధంగా ఉంటాడు కాబట్టి.

స్కౌట్లు ఇవన్నీ 20 నుంచి 80 దాకా ఉన్న స్కేలు మీద రాసుకుంటారు. 50 అంటే మేజర్ లీగ్ సగటు, 60 అంటే దానికి ఒక మెట్టు పైన, 80 చాలా అరుదు. పిల్లలకి ఒక కాగితం ఇచ్చి పరుగు, చేయి, బలం మూడింటికీ అంకెలు వేయమనండి. మ్యాచ్ మధ్యలో ఫోన్ అడగరు.

పిచ్చర్‌ని చూసేటప్పుడు ఒక్క ప్రశ్న చాలు: కౌంట్‌లో వెనకబడ్డప్పుడు, అంటే రెండు బాల్స్ అయి స్ట్రైక్ (గురిలో పడ్డ, లేదా బ్యాటర్ ఊపి తప్పిన బంతి) లేనప్పుడు, ఏ బంతి వేస్తున్నాడు? మైనర్ లీగ్‌లో అలాంటప్పుడు అందరూ ఫాస్ట్‌బాలే వేస్తారు, బ్యాటర్‌కీ తెలుసు. ఇక్కడ అదే చోట ఛేంజప్ (కావాలని నెమ్మదిగా వేసే బంతి) వేసి దెబ్బ తింటున్నాడంటే కోచ్ చెప్పిన పనిని చేస్తున్నాడన్నమాట. ఆ దెబ్బ హోమ్ రన్ (కంచె దాటిన బంతి) అయినా అతనికి పోయేదేం లేదు. మూడు ఇన్నింగ్స్ చక్కగా వేసినవాణ్ని తీసేశారని కూడా కంగారు పడకండి, ఎన్ని బంతులు వేయాలో క్లబ్బు ముందే రాసి పంపి ఉంటుంది.

సాల్ట్ రివర్ ఫీల్డ్స్‌కి వెళ్తే ఆ మైదానానికి వేరే విలువ ఉంది. సాల్ట్ రివర్ పీమా-మారికోపా తెగ భూమి మీద 2011లో తెరిచిన స్టేడియం అది. ఈరోజు మేజర్ లీగ్‌లో మీరు చూసే పిచ్ క్లాక్‌ని, అంటే బంతి వేయడానికి గడువు పెట్టే గడియారాన్ని, 2014 ఫాల్ లీగ్‌లో ముందుగా పెట్టి చూసింది అక్కడే, 20 సెకన్లతో. మేజర్ లీగ్‌కి 2023లో వచ్చింది: బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లు, రన్నర్ ఉంటే 20, 2024 నుంచి 18. పిచ్చర్ ఆలస్యం చేస్తే బ్యాటర్‌కి ఒక బాల్ ఇస్తారు, బ్యాటర్ ఆలస్యం చేస్తే అతని మీద స్ట్రైక్ పడుతుంది.

బంతి స్ట్రైక్ జోన్‌లో (ప్లేట్ మీద ఉండే ఊహా చట్రంలో) పడిందో లేదో యంత్రం చెప్పే పద్ధతిని 2019లో అక్కడే నడిపారు. అంపైర్ చెవిలో మాట వినపడుతుంది, ఆయన దాన్నే పైకి చెబుతాడు. అప్పట్లో చిక్కు ఎక్కడొచ్చిందంటే, కిందకి దూకే కర్వ్‌బాల్ ప్లేట్ ముందు అంచు దగ్గర జోన్‌ని తాకి, క్యాచర్ దాన్ని నేలకి ఆనిచ్చి పట్టుకునేవాడు. కంటికి అది కచ్చితంగా బాల్. యంత్రం స్ట్రైక్ అనేది. బ్యాటర్లు మండిపడ్డారు. ఇప్పుడు కొలిచేది ప్లేట్ మధ్యభాగంలో. జోన్ పై అంచు బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం, కింది అంచు 27 శాతం, వెడల్పు ప్లేట్‌తో సమానంగా 17 అంగుళాలు. ఆరడుగుల మనిషికి నేల నుంచి దాదాపు 49 సెంటీమీటర్ల దగ్గర మొదలై 98 దగ్గర ముగుస్తుంది. 2026 నుంచి మేజర్ లీగ్‌కి ఒప్పుకున్నది ఛాలెంజ్ పద్ధతి: జట్టుకి రెండు ఛాలెంజ్‌లు, గెలిస్తే పోవు. బ్యాటర్, క్యాచర్, పిచ్చర్ ముగ్గురిలో ఒకరు వెంటనే తలమీద తట్టి అడగాలి, డగౌట్ నుంచి సాయం ఉండదు.

ఇక వెళ్లే ఏర్పాట్లు. చాండ్లర్ నుంచి దగ్గరివి మీసాలోని స్లోన్ పార్క్, స్కాట్స్‌డేల్, సాల్ట్ రివర్. లూప్ 101 ఎక్కితే చాలు. పియోరియా, గ్లెండేల్ కూడా 101 దారిలోనే కానీ నగరానికి అటు చివర. సర్‌ప్రైజ్ ఇంకా అవతల, వారం మధ్యలో ఆఫీసు వదిలే వేళ బయల్దేరితే రెండు ఇన్నింగ్స్ పోయినట్టే, అది శనివారానికి ఉంచండి. అక్టోబర్ మొదటి వారాల్లో పగటి మ్యాచ్ అంటే 35 డిగ్రీలు దాటిన ఎండ. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తే సాయంత్రం మ్యాచే ఎంచుకోండి. నవంబర్‌లో అదే స్టాండ్స్‌లో రాత్రి చలేస్తుంది, కారులో స్వెటర్లు ఉంచండి. తిండి దుకాణాలు అన్నీ తెరవరు. శాకాహారులకి దొరికేవి పాప్‌కార్న్, ప్రెట్జెల్, నాచోస్ లాంటివే, ఇంట్లో తినేసి వెళ్లడం మేలు. బయటి తిండి, బ్యాగుల నియమాలు స్టేడియాన్ని బట్టి మారతాయి, ఆ రోజు వెబ్‌సైట్‌లో చూసుకోండి. బేస్‌లైన్ పక్కన వల లేని సీట్లలో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టొద్దు, ఫౌల్ బంతి 100 మైళ్ల మీద వస్తుంది.

ఆటోగ్రాఫ్ కావాలంటే గంట ముందు వెళ్లి డగౌట్ పక్క రెయిలింగ్ దగ్గర నిలబడండి. బేస్‌బాల్ మీద సంతకానికి నీలం బాల్‌పాయింట్ పెన్ను ఇవ్వండి. మార్కర్ సిరా తోలులోకి పాకి ఏడాదికల్లా పేరు అలుక్కుపోతుంది. కార్డులకీ టోపీలకీ మార్కర్ పనికొస్తుంది. కుట్లు దగ్గరగా వచ్చే సన్నటి చోటు పైకి పెట్టి ఇస్తే ఆటగాడే అక్కడ రాస్తాడు.

2022లో సర్‌ప్రైజ్ సగ్వారోస్‌కి కుమార్ రాకర్ ఆడాడు. తల్లి వైపు భారతీయ మూలాలున్న పిచ్చర్. 2021 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వరుసగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే ప్రక్రియ) న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో ఎంపిక చేసి, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. మరుసటి ఏడాది టెక్సస్ రేంజర్స్ మూడో స్థానంలో తీసుకుని, ఆ శరదృతువులోనే ఇక్కడికి పంపింది. 2023లో మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స జరిగింది, 2024 సెప్టెంబర్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. ఫాల్ లీగ్‌లో చూసిన పేరు రెండేళ్ల తర్వాత టీవీలో కనపడితే ఆ సంతోషమే వేరండీ.

మీరు కొలతలతో పాటు రాసుకున్న పేర్ల జాబితాని లీగ్ అయిపోగానే పారేయకండి. నవంబర్ నడిమికల్లా ప్రతి క్లబ్బూ ఎవర్ని తన 40 మంది జాబితాలో చేర్చుకుంటుందో తేల్చాలి. క్లబ్బుతో మొదటి ఒప్పందం మీద 18 ఏళ్లకో అంతకు ముందో సంతకం చేసినవాడు ఐదు సీజన్లు, 19 ఏళ్లకో ఆ తర్వాతో చేసినవాడు నాలుగు సీజన్లు గడిచాక కూడా ఆ జాబితాలో లేకపోతే డిసెంబర్‌లో జరిగే రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే క్లబ్బు 1,00,000 డాలర్లిచ్చి తీసుకుపోవచ్చు. తీసుకున్నాక మరుసటి సీజనంతా 26 మంది మేజర్ లీగ్ జట్టులోనే ఉంచాలి, లేదంటే 50,000 డాలర్లకి పాత క్లబ్బుకి తిరిగి ఇవ్వజూపాలి. స్కౌట్లలో చాలామంది అక్టోబర్ ఎండలో కూర్చునేది ఈ నిర్ణయం కోసమే. మీరు 4.1 సెకన్లని రాసుకున్న కుర్రాడి పేరు ఆ 40లో ఉందో లేదో నవంబర్ మూడో వారంలో ఒకసారి వెతికి, కింద కామెంట్లలో రాయండి.